ఐర్లిస్ మినిట్

మా వీధిలో సగంమంది జోన్సులు, మిగిలినవాళ్ళలో సగంమంది డేవిసులు. ఉత్త పేరు చెప్పి ఇల్లు అడిగితే పోస్ట్‌మాన్ కూడా తెల్లమొహం వేస్తాడు. అందుకని ఎవరి పనో, ఎవరి వాలకమో చూసి పేరుకి ఓ తోక తగిలిస్తారు. పాల జోన్సు, బొగ్గు జోన్సు, రెండోపెళ్ళి డేవిసు. నేను ఆ బొగ్గుగనుల లోయలో పుట్టినదాన్ని కాదు. సెవెర్న్ నదికి అవతల, ఇంగ్లండు వైపునుంచి, క్లిఫ్ ప్రోథెరోని కట్టుకుని కాపురానికి వచ్చినదాన్ని. మా నాన్న రైల్వేలో సిగ్నల్ మనిషి. మా పుట్టింట్లో గుడ్డు ఉడకాలన్నా గడియారం ఒప్పుకోవాలి. వచ్చిన ఏడాదికే నాకు 'గడియారం ఏవ్రిల్' అని పేరు పెట్టేశారు. పెడితే పెట్టారు. పక్కింటావిడకి మాత్రం 'ఐర్లిస్ మినిట్' అని ముద్దుగా పెట్టి, నాకు వెక్కిరింతగా పెట్టడం ఏం న్యాయమని నేను ఇప్పటికీ అడుగుతాను.

ఆవిడ అసలు పేరు ఐర్లిస్ బెడో. ముందుగది నిండా గుడ్డలు, మధ్యలో కుట్టుమిషను, మెళ్ళో టేపు, వేలికి తొడుగు, నోట్లో గుండుసూదులు. వీధిలో ఎవరి ప్యాంటు పొడవు తగ్గించాలన్నా, ఎవరి లంగా జిప్పు చెడినా, ఎవరి పిల్ల పెళ్ళికూతురైనా అందరూ ఐర్లిస్ దగ్గరికే. ఎవర్నీ కాదనేది కాదు. గది గుమ్మం దాకా బట్టలు పేరుకుపోయి ఉంటే ఇంకోటి తెచ్చి పైన పడేసినా, సూదుల సందులోంచి నవ్వి, "ఇప్పుడే, ఓ నిమిషంలో" అనేది.

నౌ ఇన్ ఎ మినిట్. ఆ లోయలో అందరూ అనే మాటే. కానీ మిగతావాళ్ళు వాడేవాళ్ళు, ఐర్లిస్ దాంట్లో కాపురం ఉండేది.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఓ కోటు, ఓ టోపీ, ఓ పూట ఖర్చయ్యాయి. కొత్తలో ఓ శుక్రవారం కింద ఊళ్ళో సంతకి కలిసి వెళదామనుకున్నాం. గోడ మీంచి, "నేను తయారు, మరి నువ్వో?" అన్నాను. "ఇప్పుడే, ఓ నిమిషంలో వస్తున్నా" అంది. నేను కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని వీధి గుమ్మం దగ్గర కుర్చీలో కూచున్నాను. చెమట్లు పట్టాయి. బస్సు వెళ్ళిపోయింది. దాని తరవాతదీ వెళ్ళిపోయింది. పని ముగించుకుని వచ్చిన క్లిఫ్ నన్ను చూసి ఆగిపోయాడు.

"ఎక్కడికే?"

"సంతకి."

"సంత ఎత్తేశారు కదే! ఇంత పొద్దుపోయాకా?"

"ఐర్లిస్ ఇప్పుడే ఓ నిమిషంలో వస్తానంది."

మా ఆయన మెట్లమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోటుతోనే వెళ్ళి పక్కింటి తలుపు బాదాను. "మాటంటే మాటేనా, కాదా?" అని నిలదీశాను. ఐర్లిస్ నిజంగా ఆశ్చర్యపోయింది. నోట్లో సూదులు తీసి, "మాటే కదమ్మా ఏవ్రిల్. మాటిచ్చా గానీ టైమివ్వలేదుగా!" అంది. పైగా నన్ను కూచోబెట్టి, పెనం మీద అప్పుడే కాల్చిన ఎండుద్రాక్షల రొట్టెలు వెన్న రాసి పెట్టింది. కోపంగా ఉన్న మనిషి నోట్లో వేడి రొట్టె పెడితే ఆ కోపం ఎక్కడుంటుంది?

ఆ మాటకి వ్యాకరణం చెప్పింది ఆవిడ మొగుడు వెర్డన్. ఆ పేరున్న యుద్ధం జరిగిన ఏట పుట్టాడు కాబట్టి ఆ పేరు. మనిషి మాత్రం గొర్రెపిల్లని కూడా అదిలించలేడు. గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల్లో దుమ్ముతో బయటికొచ్చి, పెరట్లో చిక్కుడు పాదుల మధ్య గడిపేవాడు. గోడకి మోచేతులు ఆనించి నాకు పాఠం చెప్పాడు.

"చూడమ్మాయ్. ఉత్త 'ఓ నిమిషంలో' అందనుకో, అది ఇవ్వాళే. 'ఓ నిమిషంలో, ఇప్పుడే' అందనుకో, చెప్పులు వెతుక్కుంటోందని. 'ఇప్పుడే, ఓ నిమిషంలో' అందా, ఇక దాని సంగతి దేవుడు చూసుకుంటాడు."

"మరి ఉత్త 'ఇప్పుడే' అంటే?"

వెర్డన్ టోపీ పైకి జరిపి కాసేపు ఆలోచించాడు. "ఏమో. అది నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

వినలేదంటే వినలేదనే. పడుచువాడుగా ఉన్నప్పుడు చర్చివాళ్ళందరూ కలిసి పోర్త్‌కాల్ సముద్రానికి వెళ్ళిన రోజున, ఇసుకలో కాళ్ళు పెట్టుకుని, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడట. "ఇప్పుడే, ఓ నిమిషంలో చెప్తా" అందట ఐర్లిస్. తల్లి మంచంమీద ఉంది, కింద తమ్ముళ్ళున్నారు. కాదంటే అతను బాధపడతాడు, సరేనంటే ఇంట్లోవాళ్ళు ఆకలితో పడుకుంటారు. తల్లి పోయి, తమ్ముళ్ళు గనిలో చేరి, ఆఖరివాడికి కూడా పెళ్ళయ్యాక, ఓరోజు వెర్డన్ వాళ్ళ వీధిలోంచి సైకిలు మీద పోతుంటే ఆపి, "సరే" అంది.

"ఏంటి సరే?" అన్నాడు వెర్డన్.

"నువ్వడిగిందానికి."

"నేనేం అడిగాను?"

ఈ ముచ్చట చెప్పుకుని ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ, అన్నేళ్ళు ఎలా కూచున్నావయ్యా అని లోపల తిట్టుకునేదాన్ని కూడా. నేనైతే మర్నాడు పొద్దున్నే ఇంకోణ్ణి చూసుకునేదాన్ని.

ఓసారి ఐర్లిస్‌ని సూటిగానే అడిగాను. వచ్చినవాళ్ళతో, కుదరదమ్మా, వచ్చే నెల రా అని ఎందుకు చెప్పవు అని. "కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు. ఇప్పుడే చేస్తానంటే అబద్ధమాడినట్టవుతుంది. ఈ మాటైతే ఎవరికీ నొప్పి లేదు కదా" అంది. నాకు నొప్పి ఉందని చెప్పాను. ఇంకో రొట్టె పెట్టింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆవిడ చేతిలో పడ్డ పెళ్ళిగౌను ఏదీ ముహూర్తం తప్పలేదు. చర్చి మెట్లమీద, లోపల వాయిద్యం మొదలయ్యాక, పెళ్ళికూతురి వెనకాల మోకాళ్ళమీద కూచుని ఆఖరి కుట్టు వేసి పళ్ళతో దారం కొరికి, "ఇక పద తల్లీ" అని వీపు తట్టి పంపేది. ఆ పెళ్ళికూతురి తల్లి ఈలోగా ఎన్నిసార్లు సొమ్మసిల్లిందన్నది వేరే సంగతి.

ఇలా ఉండగా మా ముసలి డాక్టరు రిటైరై, ఆయన స్థానంలో లాంగ్‌స్టాఫ్ అనే కుర్ర డాక్టరు హాంప్‌షైర్ నుంచి వచ్చాడు. ఎర్రటి చెవులు, పొడుగు కాళ్ళు, ఎవరేం చెప్పినా నమ్మే మొహం. వచ్చిన వారమే ఇంటికప్పు కారింది. పెంకులు వేసే మాన్సెల్ వచ్చి, బుర్ర గోక్కుని, పైకి చూసి, "ఇప్పుడే, ఓ నిమిషంలో నిచ్చెన పట్టుకొస్తా" అని వెళ్ళాడు. పాపం డాక్టరు తలుపు తీసి పెట్టుకుని కూచున్నాడు. స్నానానికి వెళితే మాన్సెల్ వచ్చి తిరిగిపోతాడేమోనని ఆదివారం స్నానం కూడా మానుకున్నాడట. మంచంమీద బకెట్టు, బకెట్టు పక్కన డాక్టరు.

ఛాతీ చూపించుకోవడానికి వెళ్ళిన వెర్డన్‌కి ఈ సంగతి తెలిసి జాలేసింది. నాకు చెప్పిన పాఠమే ఆయనకీ చెప్పాడు, ఇంకా ఎక్కువ శ్రద్ధగా.

"ఆ మాట ఎవరన్నా సరే డాక్టర్ గారూ, మీరు హాయిగా భోంచెయ్యండి. మా ఆవిడంటే మాత్రం, భోంచేసి ఓ కునుకు కూడా తీయండి."

డాక్టరు మురిసిపోయాడు. పరదేశంలో దారి తెలిసినవాడిలా తిరగడం మొదలెట్టాడు. మందు ఎప్పుడిస్తారని అడిగిన రోగులకి తనే కన్ను గీటి, "ఇప్పుడే, ఓ నిమిషంలో" అనేవాడు. వాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. మనవాడైపోయాడని వీధంతా సంబరపడింది. నాకే ఎందుకో నచ్చలేదు. ఆ ఊళ్ళో గడియారం నమ్మే ఇంకో మనిషి దొరికాడనుకుంటే వాడూ పోయాడే అని.

ఆ సోమవారం నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. ఐర్లిస్ మా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెళ్ళో టేపు, వేలికి తొడుగు అలాగే ఉన్నాయి. మా ఆయన గ్యాసు కంపెనీ పనికోసమని మా ఇంట్లో ఫోను పెట్టారు. వీధి మొత్తానికి అదొక్కటే.

"ఏవ్రిల్, నీకేం ఇబ్బంది లేకపోతే, ఓసారి ఫోను చేసుకోవచ్చా?"

"ఏమైంది?"

"ఏం లేదు. వెర్డన్‌కి కాస్త బాగాలేదు. చిక్కుడు పాదు దగ్గర కూచుండిపోయాడు, లేవలేనంటున్నాడు. మొహం రంగు కూడా కాస్త..." అని సరైన మాటకోసం వెతుక్కుని, "ఉతికి ఉతికి వెలిసిపోయిన తెలుపులా ఉంది" అంది. జాకెట్టు లోపలి గుడ్డ గురించి చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

గోడ మీంచి చూశాను. వెర్డన్ పాదు కర్రకి జారగిలబడి ఉన్నాడు. నెత్తిమీద టోపీ లేదు, పక్కన మట్టిలో పడుంది. స్నానానికి తప్ప టోపీ తియ్యని మనిషి.

నేను లోపలికి వచ్చేసరికి ఐర్లిస్ ఫోను పట్టుకుని డాక్టరుతో మాట్లాడుతోంది. "నేనండీ, ఐర్లిస్ బెడోని. మీ పనికి అడ్డం రాలేదు కదా? మా ఆయనకి ఛాతీలో కొంచెం బరువుగా ఉందంటున్నాడు. మీరు ఇప్పుడే, ఓ నిమిషంలో రాగలిగితే..."

ఫోనులో డాక్టరు నవ్వు నాకు వినపడింది. చెడ్డ నవ్వు కాదు, చనువు నవ్వు. "ఇప్పుడే, ఓ నిమిషంలోనా! అర్థమైంది మిసెస్ బెడో, బాగా అర్థమైంది. ఆయనేగా నేర్పింది! తప్పకుండా వస్తా." ఫోను పెట్టేశాడు.

ఐర్లిస్ రిసీవరుని ఏప్రన్ అంచుతో తుడిచి జాగ్రత్తగా పెట్టింది. "వస్తాడంట."

"ఎప్పుడు?"

"అర్థమైందన్నాడు."

అప్పుడు నాకు వెలిగింది. "ఐర్లిస్! ఆయనిప్పుడు టీ పెట్టుకుంటాడే!"

"పాపం, పెట్టుకోనీ..." అని అలవాటుకొద్దీ అనబోయి ఆగిపోయింది. మొహంలో నవ్వు ఎక్కడికో పోయింది. మొగుడు డాక్టరుకి చెప్పిన పాఠం ఆవిడకీ తెలుసు. ఆ ముచ్చట వారంరోజులు ఇంట్లో చెప్పుకుని నవ్వుకున్నారు.

"నువ్వన్నది నిజంగా ఇప్పుడేనా?" అని అడిగాను.

"ఇప్పుడే, ఏవ్రిల్. ఓ నిమిషంలోనే. అంతకంటే ఉండేలా లేడు" అంది.

జన్మలో మొదటిసారి ఆ మాట ఉన్నది ఉన్నట్టుగా అంది. నమ్మేవాడు లేడు. నేను ఫోను లాక్కుని తిప్పాను. "డాక్టర్ గారూ, వెంటనే రండి! ఉన్నపళాన బయల్దేరండి!" అని అరిచాను.

"మిసెస్ ప్రోథెరో," అన్నాడు ఓపిగ్గా, "మొన్న మీ వేలికి ముల్లు గుచ్చుకున్నప్పుడూ ఉన్నపళాన అనే అన్నారు. అంతకుముందు పిల్లి తుమ్మినప్పుడూ అంతే. నేనిప్పుడే మిసెస్ బెడోతో మాట్లాడాను. ఆవిడ నెమ్మదిగానే ఉన్నారు కదా."

గడియారం పేరు ఊరికే రాలేదు. నా 'వెంటనే'కి విలువ లేదు, ఆవిడ 'ఇప్పుడే'కి విలువ లేదు, అవతల పాదు కింద మనిషి పోతున్నాడు. రిసీవరు ఐర్లిస్ చేతిలో కుక్కాను. "నువ్వే చెప్పు. నిమిషం తీసేసి చెప్పు!"

రిసీవరు నోటి దగ్గర పెట్టుకుంది. "డాక్టర్ గారూ. ఇప్పుడే..."

ఆవిడ పెదాలు 'ఓ' అనడానికి గుండ్రంగా చుట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. నాలుక తనంతట తనే పరిగెడుతోంది. ఐర్లిస్ రెండో చేత్తో తన నోరు తనే ఠక్కున మూసుకుంది. వేలి తొడుగు పంటికి తగిలి టక్కుమంది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ తోకని మింగేదాకా అలాగే నిలబడి, చెయ్యి తీసి, అరిచింది.

"ఇప్పుడే!"

ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. ఆవిడకీ తెలిసుండదు. "ఇప్పుడే! ఇప్పుడే రావాలి! ఇప్పుడే అంటే ఇప్పుడే!"

అవతల ఏదో పింగాణీ పగిలిన చప్పుడు వినపడింది.

వేసవి కాబట్టి వీధిలో అందరి వెనక తలుపులూ తీసే ఉన్నాయి. అరుపు గోడలు దాటి పోయింది. ఏమైందని ఎవరూ అడగలేదు. ఐర్లిస్ మినిట్ నోట నిమిషం లేకుండా 'ఇప్పుడే' వచ్చిందంటే అడగడానికేముంది? రెండోపెళ్ళి డేవిసు అరమొహం సబ్బు నురగతో గోడ దూకాడు. పాల జోన్సు పెళ్ళాం పిండి చేతులతో వచ్చింది. ఎదురింటి కప్పు మీదున్న మాన్సెల్, డాక్టరుగారింటికి పక్షం రోజులుగా రానివాడు, నిచ్చెన మీంచి జారి, దారిలో మా పెరటి తలుపు కీళ్ళు ఊడబీకి, దాన్నే మోతబల్లలా పట్టుకుని వచ్చేశాడు.

ఐర్లిస్ పాదుల మధ్య మట్టిలో కూచుని వెర్డన్ తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎవరు అలా అరిచింది?"

"నేనే."

"ఏమని?"

"ఇప్పుడే అని."

"ఇంకేం అనలేదూ?"

"లేదు."

వెర్డన్ ఆమాట కాసేపు నమిలాడు. "అయితే నా పని అయిపోయిందన్నమాట. ఇందాకటిదాకా పుల్లగా ఊరిన ఉల్లిపాయలు తిన్నందుకు కడుపుబ్బరం అనుకున్నా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఐర్లిస్ ఆయన చెంపమీద చిన్నగా కొట్టింది. "కళ్ళు తెరువు. నాతో మాట్లాడుతూ ఉండు. నువ్వు పోవడానికి నేను ఒప్పుకోను" అంది. ఎవర్నైనా కాదనడం ఆవిడ నోట విన్నది కూడా నేను ఆరోజే.

డాక్టరు కొండవీధి అంతా పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఓ చేతిలో సంచి, ఇంకో చేతి వేలికి కప్పు పిడి మాత్రం మిగిలింది, టీ చొక్కా మీద ఉంది. మాట్లాడకుండా మోకాళ్ళమీద కూచున్నాడు. సూది వేశాడు, గుండె విన్నాడు, మాన్సెల్‌ని ఫోను దగ్గరికి తరిమాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఎర్ర చెవులు తెల్లగానే ఉన్నాయి. ఆ టీ తాగి వచ్చుంటే ఆసుపత్రితో పని ఉండేది కాదని తరవాత నాకొక్కదానికే చెప్పాడు.

వెర్డన్ బతికాడు. ఆసుపత్రి మంచం పక్కన డాక్టరు తల దించుకుని నిలబడి, "మీరు చెప్పిన పాఠం నేను తప్పుగా నేర్చుకున్నట్టున్నాను" అన్నాడు.

"మీరు సరిగ్గానే నేర్చుకున్నారు డాక్టర్ గారూ," అన్నాడు వెర్డన్, మాస్టారిలా. "మా ఆవిడే తప్పుగా వాడింది."

ఆరోజు ఇద్దరం బస్సులో ఇంటికొస్తున్నాం. ఐర్లిస్ కిటికీలోంచి చూస్తూ అంది. "నాకు ఇంకో మాట రాదు ఏవ్రిల్. అందరికీ అదే ఇచ్చా. నా అవసరానికి అడిగితే నాకు ఏమీ మిగల్లేదు." నేను ఏదో అనబోయాను. ఆవిడ ఆగలేదు. "వాళ్ళకి పోనీ. ఆయనకీ అదే కదా ఇచ్చింది. టీ చల్లారిపోతోంది రావే అంటే అదే. పువ్వు పూసింది చూద్దువు రావే అంటే అదే. నేను వెళ్ళేసరికి టీ చల్లారిపోయేది, పువ్వు వాడిపోయేది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది."

నేను ఊరికే ఏడిచే మనిషిని కాను. కానీ ఆవిడ చెయ్యి పట్టుకుని, మా స్టాపు దాటిపోయినా చూసుకోలేదు. పై చివరిదాకా పోయి నడుచుకుంటూ దిగాం.

వెర్డన్ ఇంటికొచ్చాక మేడమీద ముందుగదిలో, కిటికీ పక్కన మంచం వేశారు. కొండదిగి వచ్చే గొర్రెలు ఎవరి చెత్తడబ్బాలు పడేస్తున్నాయో చూస్తూ పొద్దుపుచ్చేవాడు. ఐర్లిస్ పని మాత్రం ఆగలేదు. మాన్సెల్ కూతురు డెలిత్ పెళ్ళి శనివారం. గురువారం సాయంత్రానికి గౌనుకి ఓ చెయ్యే ఉంది. రెండో చేతిని డెలిత్ భుజానికి సూదులతో గుచ్చుతోంది ఐర్లిస్. నేను సూదుల డబ్బా పట్టుకున్నాను. తల్లి కంగారు చూడలేక ఆవిణ్ణి ముందే వంటింట్లోకి పంపేశాం.

పైనుంచి కేక వినపడింది. "ఐర్లిస్! ఓసారి రావే! మాన్సెల్ చెత్తడబ్బాలో గొర్రె తల ఇరుక్కుంది. డబ్బాతో సహా వీధంతా తిరుగుతోంది. చూద్దువుగాని రా!"

డెలిత్ నా వంక చూసి నవ్వింది. ఏ మాట వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఐర్లిస్ నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టింది. గౌను చెయ్యి ఎక్కడిదక్కడ వదిలేసింది. టేపు మెళ్ళోంచి తీసి మిషనుమీద పెట్టింది. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

డెలిత్ ఓ చెయ్యి పైకెత్తి, కదిలితే ఎక్కడ గుచ్చుకుంటుందోనని బొమ్మలా నిలబడిపోయింది. పైన కిటికీ తీసిన చప్పుడు, ఆ తరవాత ఇద్దరి నవ్వూ వినపడ్డాయి. చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు.

"ఆంటీ ఎప్పుడొస్తుంది?" అంది డెలిత్ గుసగుసగా.

"చెప్పలేదమ్మా" అన్నాను.